రాయి యథాస్థానంలో ఉన్నది

4 అక్టోబరు 1964, ఆదివారం. బందరు.

ఈ డైరీ నా భార్య రత్నకుమారికి తను పాఠాలు చెప్పే స్కూల్లో ఇచ్చారు. జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. ఎవరితోనూ అనలేని సంగతి ఒకటి తగిలింది కనక దీనికి ఇవాళ రాత పట్టింది.

అంత పెద్ద సంగతేమీ కాదు. ఆ మాట ముందే రాసి పెట్టుకుంటున్నాను.

థీసిస్ అయిపోవచ్చింది. ఆనకట్టలు, వంతెనలు, రేవులు, కాలవలు కట్టేటప్పుడు అనుకున్నదేమిటి, చివరికి కట్టిందేమిటి, వాటిని నమ్ముకుని లేచిన ఊళ్ళు ఏమయ్యాయి? కాలేజీ పాఠాలు పోగా ఆరేళ్ళుగా నా పని ఇదే. పదకొండు కట్టుబళ్ళు తీసుకున్నాను. పదింటిలో అంచనా ఒకటి, కట్టింది ఒకటి. పదకొండోది మాత్రం అంచనా కంటే తక్కువ మట్టితో, గడువుకు నాలుగు నెలల ముందే పూర్తయింది. అది మా దివిసీమ సముద్రపు కట్ట. ఏడో చాప్టరంతా దాని మీదే. వాల్తేరులో ప్రొఫెసరుగారు అది చదివి, "ఇదయ్యా నీ థీసిస్‌కి వెన్నెముక" అన్నారు.

నిన్న అనుబంధం కోసం 1929 నాటి మట్టాల రిజిస్టరు నకలు తీస్తున్నాను. కట్ట ఎత్తంతా ఏ రాయి నుంచి కొలిచారో ఆ రాయిని గురించి అందులో ఒక వాక్యం ఉంది: "పాతమెరక గ్రామం. చర్చి మెరక పైభాగమున, గంట స్తంభమునకు తూర్పుగా ఆరడుగుల దూరమున."

పైభాగమున అని ఉంది. ఆ రాయి ఉన్నది మెరక కింద, మెట్ల దగ్గర. దాని మీద కాళ్ళు కడుక్కునే నేను పెరిగాను.

ఎవరో గుమాస్తా పొరపాటున రాసి ఉంటాడు.

5 అక్టోబరు

గుమాస్తా పొరపాటే.

8 అక్టోబరు, గురువారం

గుమాస్తా పొరపాటు కాదు. ఇవాళ క్లాసులో బోర్డు మీద గీత గీస్తుండగా సుద్దముక్క విరిగింది. వంగి తీసుకుంటుంటే ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది.

మా నాన్న పాతమెరక చర్చిలో ఉపదేశి. చేలల్లోంచి వచ్చే జనం బురద కాళ్ళతో మెరక ఎక్కి చర్చి గుమ్మంలో కడుక్కునేవాళ్ళు. ఆదివారం వచ్చిందంటే వాకిలంతా రొచ్చు. మెరక మీద గంట స్తంభం పక్కన బాణం గుర్తు చెక్కిన నల్లరాయి ఒకటి ఉండేది. దొర రాయి అనేవాళ్ళు. ఏ దొర పెట్టాడో, ఎందుకు పెట్టాడో ఎవరికీ తెలియదు. మిషన్ దొరే పెట్టి ఉంటాడనీ, బాణం పరలోకానికి దారి చూపిస్తోందనీ మా నాన్న ప్రసంగంలో కూడా చెప్పాడు. అటువంటి రాయి మీద కాళ్ళు కడుక్కుని దేవుడి ఇంటికి ఎక్కి రావాలని ఆయనకు తోచింది. గడ్డపారలతో తవ్వించి, దొర్లించి, మెట్ల కింద పాతించాడు. గుర్తు పైకి ఉండేట్టు ఎంతో భక్తిగా. 1938. నాకు ఎనిమిదేళ్ళు. నా తోడబుట్టిన దేవమ్మక్క బిందెతో నీళ్ళు తెచ్చి ఆ రాయి మీద మొట్టమొదట నా కాళ్ళే కడిగింది.

రాసుకుంటే గాని నాకు ఏదీ తేలదు. రాస్తాను.

రిజిస్టరు ప్రకారం రాయి సముద్ర మట్టానికి తొమ్మిదడుగుల ఎత్తు. నాన్న దాన్ని రెండున్నర అడుగులు దింపాడు. కాబట్టి అది ఇప్పుడు ఆరున్నర అడుగుల ఎత్తులో ఉంది. ఇంజనీర్లు దాన్ని తొమ్మిదే అనుకున్నారు. దాని మీద మరో మూడడుగులు కలిపి, కట్ట తల పన్నెండడుగులు అన్నారు. అది పన్నెండు కాదు. తొమ్మిదిన్నర. పదిహేడు మైళ్ళ పొడుగునా తొమ్మిదిన్నరే.

మట్టి తక్కువ పట్టింది అందుకే. పాత పటాల్లో పల్లంగా ఉన్న నేల కొత్త కొలతల్లో రెండున్నర అడుగులు మెరకగా కనిపించింది. ఎందుకని అందరూ తల గోక్కుంటుంటే సిద్ధాంతం చెప్పింది నేను. ముప్పై ఏళ్ళలో కృష్ణమ్మ ఒండ్రు పోసి నేలను పెంచిందన్నాను. పట్టికలతో సహా. ప్రొఫెసరుగారు వెన్నెముక అన్నది దాన్నే. కృష్ణమ్మ ఏమీ పోయలేదు. మా నాన్న రాయి దింపాడు, అంతే.

ఇంకా ఉంది. 1961లో రాయిని గుర్తుపట్టడానికి ఇంజనీరు జనార్దనరావు గారు ఆ ఊరివాణ్ణని నన్ను జీపులో తీసుకెళ్ళారు. ఆ చుట్టుపక్కల మిగతా రెండు మట్టపు రాళ్ళు నలభైతొమ్మిది గాలివానలో పోయాయి, మిగిలింది ఇదొక్కటే. ఆయన రాసుకొచ్చిన కాగితం మీద సంతకం పెట్టాను. "రాయి యథాస్థానంలో ఉన్నది." అబద్ధమని తెలిసి పెట్టలేదు. దింపిన సంగతి ఆ రోజు గుర్తు రాలేదు. రాలేదనే అనుకుంటున్నాను.

కట్ట వెనక పల్లంలో కాలనీ ఉంది. నూట నలభై ఇళ్ళు. ప్లాను గీసింది నేను. కొత్తమెరక అని పేరు పెట్టిందీ నేనే. దేవమ్మక్క మెరక మీద ఇల్లు వదులుకుని అక్కడికి దిగింది నా మాట మీద.

రత్నకుమారి ఎందుకు అన్నం తినలేదని అడిగింది. ఎండ దెబ్బ అన్నాను. అక్టోబరులో.

10 అక్టోబరు, శనివారం. గుడివాడ పాసింజరులో.

పెన్సిలుతో రాస్తున్నాను. జనార్దనరావు గారిని చూసి వస్తున్నాను. వెళ్ళేటప్పుడు చెప్పవలసిన మాటలు వరసగా పెట్టుకున్నాను. ఆయన గదిలో అడుగుపెట్టగానే ఆ వరస తప్పింది.

"రండి ఏసుబాబు గారూ, మీ ఒండ్రు సిద్ధాంతం హైదరాబాదులో కూడా చదివారండీ. చీఫ్ గారు మెచ్చుకున్నారు" అన్నారు. కాఫీ తెప్పించారు. నందివాడ దగ్గర ఆయన సొంతూరు, పాడి ఉంది. పాలు అక్కణ్ణించే వస్తాయి. మంచి కాఫీ. మంచి మనిషి. అదే నా ప్రాణానికి వచ్చింది.

"ఆ పాతమెరక రాయిని ఒకసారి మళ్ళీ సరిచూస్తే బాగుంటుందేమోనండీ" అన్నాను, ఏదో మాటవరసకు అన్నట్టు.

"రాయి నడుస్తుందేవిటండీ? మనుషులు మారతారుగానీ రాయి ఎక్కడికి పోద్ది" అని నవ్వారు.

నేనూ నవ్వాను. నా నవ్వు నాకే వినబడింది.

13 అక్టోబరు

ఎనిమిదేళ్ళ పిల్లవాడి జ్ఞాపకానికి విలువేమిటి. వేరే రాయి అయి ఉండవచ్చు. ఊళ్ళో రాళ్ళకు కరువా.

14 అక్టోబరు

దివిసీమలో రాళ్ళకు కరువే. ఎటు చూసినా మట్టి. ఆ రాయి తప్ప మా ఊళ్ళో ఇంకో రాయి లేదు.

21 అక్టోబరు, బుధవారం, పౌర్ణమి. కొత్తమెరక.

నీళ్ళను అడుగుదామని వచ్చాను. రాయి దిగుతుంది, మనిషి మరిచిపోతాడు, నీళ్ళకు ఆ రెండూ చేతకావు. ఇవాళ పోటు సముద్ర మట్టానికి మూడడుగులు ఎక్కుతుందని బందరు రేవు పట్టికలో ఉంది. కట్ట తల పన్నెండే అయితే, పోటు నిండుగా ఉన్నప్పుడు తూము గోడ మీద నీటికీ కట్ట తలకూ మధ్య తొమ్మిదడుగుల ఖాళీ ఉండాలి. తొమ్మిది ఉంటే నాది పీడకల. ఇంటికి పోయి కడుపునిండా తిని పడుకోవచ్చు.

అవనిగడ్డలో బస్సు దిగి, సైకిలు అద్దెకు తీసుకుని, పది గంటలకు తూము దగ్గరికి చేరాను. వెదురు గడకు అడుగులు గుర్తు పెట్టుకున్నాను. పోటు నిండేదాకా గట్టు మీద కూర్చున్నాను. అవతల సముద్రం, ఇవతల నా కాలనీ. వీధులు సూటిగా ఉన్నాయి. ప్రతి ఇంటికీ పెరడు. బావి ఎంత దూరం, బడి ఎంత దూరం, అన్నీ అడుగులేసి లెక్క కట్టి గీశాను. ఇళ్ళ కప్పులు నా కాళ్ళకంటే కింద ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆ దృశ్యం చూసి మురిసిపోయాను.

గడ దింపాను. ఆరున్నర.

మళ్ళీ దింపాను. ఆరున్నర. తూము రెండో వైపు వెళ్ళి దింపాను. అంకె కదలలేదు.

22 అక్టోబరు, గురువారం. కొత్తమెరక.

రాత్రి అక్క ఇంట్లో పడుకున్నాను. పొద్దున చద్దన్నం పెడుతూ అడిగింది.

"ఏంట్రా ఏసూ, నిన్నంతా గట్టు మీద గడేసుకుని కూర్చున్నావంటగా. భాగ్యమ్మ చెప్పింది. తమ్ముడుగారు చేపలు పడతన్నాడా అని ఒకటే నవ్వు."

భాగ్యమ్మ అక్క పక్కింటావిడ. నాలుక పదును. నేను మెట్ల దగ్గర రాయి సంగతి ఎత్తాను. అది మొదటి నుంచీ అక్కడే ఉందా అని అడిగాను. అవునంటుందని ఎంత ఆశపడ్డానో.

"పైనుండేది గదరా. నాన్నే దింపించాడు. నీ కాళ్ళు నేనే కడిగాను, గుర్తులేదా? చల్లగా ఉన్నాయని గంతులేశావు."

"గుర్తుందక్కా."

"ఏవైంది మరి?"

చెప్పాను. రాయి, కట్ట, గడ, ఆరున్నర. అక్క చదువుకోలేదు గాని నా స్టూడెంట్లలో ఎవరూ అంత తొందరగా పట్టుకోలేరు. మజ్జిగ గిన్నె కింద పెట్టి, కట్ట వైపు చూసింది.

"అంటే ఉప్పెనొస్తే దాటుద్దంటావు."

"పెద్దదొస్తే దాటుతుంది."

"నువ్వే రమ్మంటే వచ్చాం గదరా ఇక్కడికి."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. మజ్జిగ పోస్తూ, "నాన్న పేరు తియ్యకుండా చెప్పలేవా వాళ్ళకి" అని అడిగింది. ఆ ఊళ్ళో ఇప్పటికీ పెళ్ళిళ్ళలో మా నాన్న పేరు తలిచి ప్రార్థన మొదలుపెడతారు. చూస్తానన్నాను.

24 అక్టోబరు, శనివారం. బందరు.

జనార్దనరావు గారికి ఉత్తరం రాశాను. మూడు పేజీలు. దూరమైనా పులిగడ్డ వైపు ఉన్న వేరే మట్టపు రాయి నుంచి కొత్తగా మట్టం తెచ్చి కట్ట కొలిపించమని, అందాకా కాలనీ జనాన్ని మెరక మీదికి పంపమని. రత్నకుమారికి అంతా చెప్పాను. ఆమె లేచి నా భుజం మీద చెయ్యి వేసి, "ఏడో చాప్టరు పోతుందా అండీ?" అని మాత్రం అడిగింది. ఏడోది పోతే థీసిస్సే పోతుందన్నాను. "పోతే పోనీండి. ఉత్తరం పోస్టు చేశారా?"

చేశానన్నాను. రేపు ఎలాగూ చేస్తాను గనక అది అబద్ధం కిందికి రాదు.

25 అక్టోబరు

ఆదివారం. పోస్టాఫీసు ఉండదు.

26 అక్టోబరు

రేపు.

27 అక్టోబరు

ఒక మాట మార్చాలి. "నా పొరపాటు వల్ల" అని ఉన్నచోట "పొరపాటు వల్ల" అని పెడితే చాలదా.

28 అక్టోబరు, బుధవారం

చాకలికి వెయ్యడానికి కోటు జేబులు తడిమితే ఉత్తరం దొరికింది రత్నకుమారికి. స్టాంపు అంటించి, నా బల్ల మీద పెట్టి, స్కూలుకు వెళ్ళిపోయింది. పెళ్ళై ఏడేళ్ళయింది. ఆమె నన్ను తిట్టకుండా తిట్టడం ఇదే మొదటిసారి.

29 అక్టోబరు, గురువారం

పొద్దున రేడియోలో చెప్పారు. బంగాళాఖాతంలో వాయుగుండం. పదకొండింటికి రేవు స్తంభానికి ప్రమాదం గుర్తు ఎగరేశారు. కోనేరు సెంటర్లో ఎక్కడ నలుగురు నిలబడ్డా అదే మాట. సరిగ్గా నూరేళ్ళ కిందట, నవంబరు ఒకటిన, బందరును ఉప్పెన ముంచింది. ఒక్క రాత్రిలో ముప్పైవేల మంది. "లెక్కకి సరిగ్గా వచ్చిందండీ" అంటున్నాడు కిళ్ళీకొట్టతను. ఏదో చుట్టం వస్తున్నట్టు.

ఈ అయిదు రోజుల్లో ఉత్తరం చేరేది. అయిదు రోజుల్లో నూట నలభై ఇళ్ళు ఖాళీ అయ్యేవి. ఆ అయిదు రోజులూ నేను "నా" అన్న అక్షరం తీసెయ్యాలా ఉంచాలా అని కూర్చున్నాను. దేవా, వాళ్ళకేమైనా అయితే నేను బతకలేను. బతికినా మనిషిని కాను.

మధ్యాహ్నం రైల్లో గుడివాడ వెళ్ళి ఉత్తరం చేతికిచ్చాను. "నా" ఉంచాను. జనార్దనరావు గారు నిలబడే చదివారు. ముఖంలో రంగు మారింది. కాఫీ అనలేదు.

"మీరే సంతకం పెట్టారు" అన్నారు.

"పెట్టానండీ."

"ఎనిమిదేళ్ళ వయసులో చూసిందాన్ని బట్టి పదిహేడు మైళ్ళ కట్టని తప్పంటారా?"

"పోటు కొలిచి చూశానండీ."

"వెదురు గడతో." కిటికీలోంచి మబ్బు చూశారు. "పైకి రాస్తాను. సరిచూడమని రాయడం వరకే నా చేతిలో ఉంది. కాలనీ ఖాళీ చేయించడం నాది కాదు, రెవెన్యూవాళ్ళది. వాళ్ళు రాతపూర్వకంగా ఉంటే గాని కదలరు. మీరు వెళ్ళి చెప్పుకోండి. మీ వాళ్ళే గదా."

మా వాళ్ళే. అందుకే భయం.

1 నవంబరు, ఆదివారం. పాతమెరక.

చర్చి వసారాలో కూర్చుని రాస్తున్నాను. గాలి తూర్పు నుంచి వస్తోంది, కాగితం నిలవడం లేదు. జరిగింది జరిగినట్టు రాసి పెట్టాలి.

ఆరాధన అయ్యాక రెండు మాటలు చెప్పుకుంటానని పాస్టరు దైవాధీనం గారిని అడిగాను. కొత్తమెరక జనమంతా ఉన్నారు, ఆదివారం అందరూ మెరక ఎక్కుతారు. కట్ట అనుకున్న ఎత్తు లేదని, ఈ రెండు రోజులూ ఎవరూ కిందికి దిగవద్దని చెప్పాను. ఎలా తెలిసిందని అడిగారు. "రాయి కదిలింది" అన్నాను. ఎవరు కదిలించారో చెప్పలేదు.

భాగ్యమ్మ లేచింది. "అయ్యా, మొన్న ఈస్టరుకి ఇదే చోట నిలబడి ఏం చెప్పారు? మా ఇంటో మీ అచ్చు కాగితం ఉంది, మా కోడలు చదివింది. 'ఇక నూరేళ్ళు నిశ్చింతగా నిద్రపోవచ్చు' అని రాశారు. ఆర్నెల్లకే నూరేళ్ళూ అయిపోయినియ్యా?"

జనం నవ్వారు. కాలనీవాళ్ళకు పంచిన కరపత్రంలో నేను రాసిన వాక్యమే. రాసిన రోజు ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదువుకుని సంతోషపడ్డాను.

వెనక నుంచి ఎవరో కోళ్ళు మూసి రాలేదన్నారు. ఇంకొకరు పొయ్యి మీద కూర ఉందన్నారు. ఒక్కొక్కరే మెట్లు దిగుతున్నారు. నేను ద్వారంలో చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాను. ముసలివాళ్ళు నా చెయ్యి కింద నుంచి వంగి పోతున్నారు, మర్యాదగా, "వస్తాం బాబూ" అంటూ.

అప్పుడు అక్క మెట్లు దిగి ఆ రాయి మీద కూర్చుంది. దాని మీద ఎవరూ కూర్చోరు. దిగేవాళ్ళు ఆగిపోయారు.

"ఈ రాయి ఇక్కడిది కాదు" అంది. "గంట పక్కన పైనుండేది. మా నాన్న దింపించాడు. తెలియక దింపించాడు. మంచికే దింపించాడు. ఇంజనీర్లు దీన్ని చూసి కట్ట కొలిచారంట. రాయి తగ్గింది గాబట్టి కట్టా తగ్గింది. మా తమ్ముడు నాన్న పరువు పోద్దని మీకు చెప్పలేదు. నేనూ వద్దన్నాను. నూట నలభై ఇళ్ళకన్నా మా నాన్న పరువు ఎక్కువేం కాదు. ఆయనే ఉంటే ఆయనే చెప్పేవాడు. నేనైతే దిగను."

నేను రిజిస్టరు మాట చెబితే దైవాధీనం గారు గంట స్తంభానికి తూర్పున ఆరడుగులు కొలిచి పారతో గీకించారు. జానెడు లోతులో సున్నం, ఇటిక, మధ్యలో రాయంత గుంట. చుట్టూ చేరి చూశారు.

అరవై ఇళ్ళవాళ్ళు ఆగిపోయారు. ఎనభై ఇళ్ళవాళ్ళు దిగిపోయారు. భాగ్యమ్మ దిగిపోయింది. ఇక్కణ్ణించి వాళ్ళ పొయ్యిల పొగ కనిపిస్తోంది. నేను ఆ పొగలు లెక్కపెడుతున్నాను.

2 నవంబరు, సోమవారం

గాలి. వాన. గట్టు కనిపించడం లేదు. రెండుసార్లు బయలుదేరాను, రెండుసార్లూ అక్క చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. ఎనభై. ఎనభై. ఎనభై.

3 నవంబరు, మంగళవారం

తప్పింది. తుఫాను దక్షిణంగా మళ్ళింది. తూము గోడ మీద నాచు గీత చూశాను. నీళ్ళు కట్ట తలకు మూరెడు కిందిదాకా వచ్చి వెనక్కి పోయాయి. ఒక్క మూర. మా తీరాన్ని తాకకుండా పోయిన తుఫాను అంచుతో చేసిన పని అది.

మెరక దిగి కొత్తమెరక వెళ్ళాను. భాగ్యమ్మ వడ్లు ఆరబోస్తోంది.

"చూశారుగా అయ్యా, కట్ట ఆగింది. మీ రాయికేం గాని, మీ కట్ట గట్టిదే."

ఆగినవాళ్ళు సిగ్గుపడుతూ మూటలతో దిగుతున్నారు. దిగినవాళ్ళు వాళ్ళను చూసి నవ్వుతున్నారు. నాకు తుఫాను పంతులని పేరు పెట్టారు. ఒక్క ప్రాణం పోలేదు, మోకాళ్ళ మీద పడి దేవుడికి స్తోత్రం చెప్పాను. లేచేసరికి భయం ఇంకా పెరిగింది. ఇప్పుడు వాళ్ళకు కట్ట మీద ఉన్న నమ్మకం నేను రాసిన కాగితం వల్ల వచ్చింది కాదు, కళ్ళతో చూసి వచ్చింది. దాన్ని నేనెలా తీసెయ్యను?

9 నవంబరు. బందరు.

ఏడో చాప్టరు వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రొఫెసరుగారికి రాశాను. ఈసారి అదే రోజు పోస్టు చేశాను. రత్నకుమారి డబ్బా దాకా వచ్చింది.

23 నవంబరు, సోమవారం

గుడివాడ నుంచి కవరు. సంతకం జనార్దనరావు గారిది కాదు, ఆయనకు బదిలీ అయిందట. నా వల్లే కాబోలు. మంచి కాఫీ ఇచ్చిన మనిషి.

ఉత్తరం చిన్నది. నకలు రాసుకుంటున్నాను.

"తమరి ఫిర్యాదుపై కట్ట ఎత్తులు తిరిగి సరిచూడబడినవి. సమీపమున లభ్యమైన ఏకైక ప్రమాణమగు పాతమెరక రాయి నుండి కొలువగా కట్ట తల పన్నెండడుగులుగా తేలినది. సదరు రాయి యథాస్థానంలో ఉన్నట్లు తమరే 1961లో ధ్రువీకరించియున్నారు. కావున తదుపరి చర్య అవసరము లేదు."

నాలుగుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. నాలుగోసారి ఒళ్ళు చల్లబడింది. వీళ్ళు ఎన్నిసార్లు కొలిచినా ఆ రాయి నుంచే కొలుస్తారు. ఎన్నిసార్లు కొలిచినా పన్నెండే వస్తుంది. మా నాన్న భక్తి, నా సంతకం, రెండూ కలిసి ఆ రాయిని ఇక ఎవరూ లేపలేనంత లోతుగా పాతేశాయి.

29 నవంబరు, ఆదివారం, రాత్రి. బందరు.

పొద్దున పాతమెరకలో అక్కకు ఉత్తరం చదివి వినిపించాను. రాయి పైకి మార్పిద్దామా అని అడిగింది. మారిస్తే మేమే జరిపామంటారు, ఉన్న సాక్ష్యమూ పోతుందన్నాను.

"నీకు భయం వేస్తందిరా?"

"వేస్తోందక్కా. బస్సెక్కినా, క్లాసులో ఉన్నా, అన్నం ముందు కూర్చున్నా."

"అయితే ఇక్కడికొచ్చెయ్. ఇక్కడెవరికీ భయం లేదు. ఊరికి భయపడేవాడు ఒకడుండాలిరా. బందరులో కూర్చుని భయపడితే ఎవడిక్కావాలి?"

అవనిగడ్డ హైస్కూల్లో వెంటనే చేరే మేష్టారు కావాలంటున్నారు. కాలేజీ మాని స్కూలుకు వెళ్ళడమా అని మా వాళ్ళంతా ముక్కున వేలేసుకుంటారు. రత్నకుమారితో ఎలా అనాలా అని దారిపొడుగునా ఆలోచించుకుంటూ వచ్చాను. చెప్పాక, "మెరక మీద చూడండి ఇల్లు" అంది.

"కాదు. కాలనీలో. కట్ట వెనక. అక్కకు రెండో పక్క ఇంటివాళ్ళు పనికి వలసపోయారు, ఇల్లు ఖాళీ."

నా ముఖంలోకి చూసింది. "స్కూలు సంవత్సరం అయ్యాక వేసవిలో నేనూ వస్తాను. అందాకా గడ విరగ్గొట్టుకోకండి."

4 డిసెంబరు, శుక్రవారం, అమావాస్య. కొత్తమెరక.

నిన్న సామాను దించాను. ఒక ట్రంకు, మంచం, పుస్తకాల పెట్టె, గడ. ఈ వీధి వెడల్పు ఇరవై అడుగులు. నేనే గీశాను. కాగితం మీద కంటే ఇరుకుగా ఉంది. పెరట్లో నిలబడితే కట్ట ఆకాశానికి సగం అడ్డంగా కనిపిస్తుంది. ఇక్కడ పుట్టే పిల్లలు దాన్ని చూస్తూ పెరుగుతారు. దాన్ని మించిన ఎత్తు లోకంలో లేదనుకుంటారు.

పొద్దున పోటుకు వెళ్ళి కొలిచాను. ఆరడుగుల ఎనిమిది అంగుళాల ఖాళీ. అక్క ఇంటి గోడ మీద బొగ్గుతో రాశాను, తేదీతో సహా.

తిరిగి వస్తుంటే భాగ్యమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏం తుఫాను పంతులుగారూ, ఇవాళెంత?"

వేళాకోళమే అనుకున్నాను. "ఆరడుగుల ఎనిమిది" అన్నాను.

"మొన్న గాలికి?"

"మూరెడు."

ఆవిడ చెయ్యి చాపి, మోచేతి నుంచి వేలి కొస దాకా చూసుకుంది. తరవాత కట్ట వైపు చూసింది. లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి ఆవిడా కోడలూ విత్తనాల బస్తా, ఇత్తడి బిందెలు, ట్రంకు పెట్టె బండికెత్తుతున్నారు. పాతమెరకకట. ఎందుకమ్మా అని అడిగాను.

"ఏం లేదులేయ్యా. ఇక్కడ ఇరుగ్గా ఉంది. అక్కడ మా చెల్లెలింట్లో పడేసి వస్తాం."

ఇరుకేనమ్మా అన్నాను. వీధి నేను గీసిందే గనక ఆ మాట ఒప్పుకోవడం నాకు కష్టమేమీ కాలేదు. బండి వెనక చెయ్యి వేసి బురద దాటేదాకా నెట్టాను.

ఒక్క బండి. ఇంకా నూట ముప్పైతొమ్మిది ఉన్నాయి. పెద్దది ఈ సంవత్సరం వస్తుందో, పదేళ్ళకు వస్తుందో, నేను పోయాక వస్తుందో తెలియదు. వస్తుందని మాత్రం తెలుసు.

ఇంట్లోకి వచ్చి కొత్త నోటు పుస్తకం తెరిచాను. మొదటి పేజీలో తేదీ వేసి, ఆరడుగుల ఎనిమిది అంగుళాలు అని రాసి, కింద సంతకం పెట్టాను. ఈసారి కొలిచి పెట్టాను.